ఆవ మొక్కల వంశక్రమం తేల్చిన ఊ జాంగ్‌చున్

పోపు గరిటెలో చిటపటలాడే ఆవగింజ చూపుకు ఒక మొక్క విత్తనమే. వంశం లెక్కన చూస్తే మాత్రం అది రెండు వేర్వేరు మొక్కల వారసత్వాన్ని ఒకే కణంలో మోస్తోంది. భారతదేశంలో విస్తారంగా సాగయ్యే ఆవ మొక్క, శాస్త్ర పరిభాషలో బ్రాసికా జున్సియా, వేల ఏళ్ల కిందట రెండు జాతుల కలయికతో పుట్టింది. ఆ తల్లిదండ్రులెవరో, అదే ప్రజాతిలోని మిగతా ముఖ్య జాతుల మధ్య చుట్టరికం ఏమిటో 1935లో వెలువడిన ఒక పరిశోధన వ్యాసం తేల్చి చెప్పింది. డీఎన్‌ఏ అణువు నిర్మాణం ప్రపంచానికి తెలియడానికి అది 18 ఏళ్ల ముందు మాట.

ఆ వ్యాసం రాసిన శాస్త్రవేత్త కొరియాలో ఊ జాంగ్‌చున్, జపాన్‌లో ఊ నగహరు. ఇవి రెండు పేర్లు కావు. ఒకే చైనా లిపి అక్షరాలను కొరియన్లు ఒక రకంగా, జపనీయులు మరో రకంగా చదువుతారు. తండ్రి కొరియా సైనికాధికారి, తల్లి జపాన్ మహిళ. ఒక దేశం మరొక దేశాన్ని ఆక్రమించిన కాలంలో ఆ రెండింటికీ పుట్టిన బిడ్డగా ఆయన బతికారు. మొక్కల విషయంలో ఆయన నిరూపించిన సత్యం తేటగా ఉంది. రెండు వంశాలు కలిసినచోట రెండూ పూర్తిగా నిలిచి ఉండగలవు. ఆయన జీవితంలో ఆ మాట అంత సులువుగా చెల్లలేదు.

హత్యల నీడలో బాల్యం

1895 అక్టోబర్ 8న సియోల్‌లోని గ్యోంగ్‌బోక్ రాజప్రాసాదంలోకి చొరబడిన జపాన్ హంతకులు కొరియా రాణి మిన్‌ను చంపారు. జపాన్ శిక్షణలో తయారైన కొరియా సైనిక దళంలోని కొందరు అధికారులు ఆ కుట్రకు సహకరించారు. వారిలో ఊ బోమ్‌సోన్ ఒకరు. మరుసటి ఏడాది రాజు రష్యా దౌత్య కార్యాలయంలో ఆశ్రయం పొంది, కుట్రదారులపై చర్యలకు ఆదేశించడంతో బోమ్‌సోన్ జపాన్‌కు పారిపోయారు. అక్కడ సకాయ్ నాకా అనే మహిళను వివాహమాడారు. 1898 ఏప్రిల్‌లో టోక్యోలో వారికి పుట్టిన మొదటి సంతానమే జాంగ్‌చున్.

1903 నవంబర్‌లో, హిరోషిమా ప్రాంతంలోని కురే పట్టణంలో, రాణి హత్యకు ప్రతీకారంగా ఒక కొరియా దేశస్థుడు బోమ్‌సోన్‌ను హతమార్చాడు. అప్పటికి జాంగ్‌చున్ వయసు 5 ఏళ్లు. ఇద్దరు కొడుకులను పోషించే భారం తల్లి మీద పడింది. దారిద్య్రం భరించలేక పెద్దవాణ్ని కొంతకాలం టోక్యోలో ఒక బౌద్ధాలయం నడిపే అనాథాశ్రమంలో ఉంచవలసి వచ్చింది. తరువాత ఆమె కుమారుణ్ని తిరిగి తన దగ్గరకు తెచ్చుకుని చదివించారు. కొరియావాడని తోటి పిల్లలు వెక్కిరించినప్పుడు, దారిలో ఎందరి పాదాల కిందో నలుగుతూ కూడా పూసే గడ్డిపూవును చూపి ఆమె ధైర్యం చెప్పారన్న కథను కొరియాలో నేటికీ చెప్పుకుంటారు.

ఈ పుట్టుక ఆయనకు రెండు వైపులా చిక్కే తెచ్చింది. జపాన్‌లో ఆయన వలస దేశపు రక్తం. కొరియాలో ఆయన దేశద్రోహి కొడుకు. 1910లో జపాన్ కొరియాను పూర్తిగా తన సామ్రాజ్యంలో కలుపుకున్న తరువాత, అక్కడి గవర్నర్ జనరల్ కార్యాలయం ఇచ్చిన ఉపకార వేతనంతోనే ఆయన ఉన్నత విద్య సాగింది. 1916లో టోక్యో సామ్రాజ్య విశ్వవిద్యాలయపు వ్యవసాయ కళాశాలలో ప్రయోగాత్మక విద్యా విభాగంలో చేరారు. అది పూర్తిస్థాయి పట్టానిచ్చే శాఖ కాదు. 1919లో అది పూర్తిచేసి వ్యవసాయ శాఖ ప్రయోగ కేంద్రంలో చిన్న ఉద్యోగంలో ప్రవేశించారు.

పూల మడుల నుంచి ఆవ మడులకు

ఆ కేంద్రంలో ఆయన తొలి పరిశోధనలు పూల మొక్కల మీద సాగాయి. పూల వ్యాపారంలో ముద్ద పెటూనియాకు గిరాకీ ఉండేది. కానీ విత్తనం నాటితే కొన్ని మొక్కలు ముద్ద పూలు, కొన్ని రేక పూలు పూసేవి. ఈ లక్షణం తరం నుంచి తరానికి ఎలా సంక్రమిస్తుందో ఆయన ఓపికగా లెక్కగట్టారు. పూర్తిగా ముద్ద పూలే పూసే విత్తనం తయారీకి ఆ పని దారి చూపింది. జపాన్ పెటూనియా విత్తనాలకు విదేశాల్లో లభించిన పేరు వెనుక ఆయన కృషి ఉంది.

1924లో ఆయన వివాహం జరిగింది. వధువు కుటుంబం కొరియా సంబంధానికి అంగీకరించలేదు. సునగా అనే జపాన్ కుటుంబానికి దత్తత వెళ్లినట్లు నమోదై, అధికారిక పత్రాల్లో ఆ ఇంటిపేరు స్వీకరించారు. పిల్లలకూ అదే పేరు వచ్చింది. అయితే పరిశోధన వ్యాసాలపై మాత్రం ఆయన తండ్రి ఇంటిపేరు ఊ అనే సంతకం చేస్తూ వచ్చారు. ఇది చిన్న విషయం కాదు. 1940 నాటికి కొరియన్లందరూ జపాన్ తరహా పేర్లు పెట్టుకోవాలని వలస పాలకులు ఒత్తిడి చేస్తున్నారు. అటువంటి రోజుల్లో ఆయన శాస్త్ర రచనలన్నీ కొరియా ఇంటిపేరుతోనే ప్రపంచానికి చేరాయి.

ఆరు జాతులు, మూడు అంకెలు

బ్రాసికా అనే ప్రజాతిని వ్యవసాయ ప్రపంచం ఎంతగా వాడుకుందో చెప్పడం కష్టం. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ, నూల్‌కోల్ చూపుకు వేర్వేరు కూరలైనా ఒకే జాతి మొక్కలు. ఆ జాతి బ్రాసికా ఒలెరేసియా. టర్నిప్ దుంప, చైనా క్యాబేజీ, ఉత్తర భారతంలో నూనె కోసం పండించే తోరియా, పసుపు సర్సోం మరో జాతి. అది బ్రాసికా రాపా. నల్ల ఆవ బ్రాసికా నైగ్రా. వీటికి తోడు మన ఆవ జున్సియా, కనోలా నూనెనిచ్చే నాపస్, ఇథియోపియాలో పండే కారినాటా. ఇలా ముఖ్యమైన సాగు జాతులు ఆరు.

ఆకు ఆకారాన్నీ పూవు నిర్మాణాన్నీ చూసి వీటి చుట్టరికాన్ని తేల్చడం వృక్షశాస్త్రజ్ఞుల వల్ల కాలేదు. ఒకే జాతిలో క్యాబేజీ గుండు, కాలీఫ్లవర్ పూగుత్తి వంటి భిన్న రూపాలున్నప్పుడు రూపం నమ్మదగిన సాక్షి కాదు. దారి సూక్ష్మదర్శిని చూపింది. 1920 దశకంలో పలు దేశాల శాస్త్రవేత్తలు ఈ మొక్కల బీజకణాల్లోని క్రోమోజోములను లెక్కించారు. నైగ్రాలో 8, ఒలెరేసియాలో 9, రాపాలో 10. మిగిలిన మూడింటిలో 17, 18, 19.

ఈ అంకెలను చూస్తే కూడిక తట్టక మానదు. 8కి 9 కలిపితే 17, 8కి 10 కలిపితే 18, 9కి 10 కలిపితే 19. అయితే అంకెలు కుదిరినంత మాత్రాన చుట్టరికం రుజువు కాదు. అవి కాకతాళీయంగానూ కుదరవచ్చు. జపాన్ శాస్త్రవేత్త మోరినాగా తోషితారో ఇక్కడ కీలకమైన అడుగు వేశారు. వేర్వేరు బ్రాసికా జాతులను సంకరం చేసి, పుట్టిన మొక్కల బీజకణాలు తయారయ్యే దశలో క్రోమోజోముల ప్రవర్తనను ఆయన గమనించారు.

ఆ దశలో ప్రతి క్రోమోజోము తన సాటి క్రోమోజోమును వెతుక్కుని జతగా నిలుస్తుంది. దగ్గరి వంశానివి జతకడతాయి, దూరపువి ఒంటరిగా మిగులుతాయి. మన ఆవను రాపాతో సంకరం చేస్తే 10 జతలు ఏర్పడి 8 క్రోమోజోములు ఒంటరిగా మిగిలాయి. అంటే ఆవలోని 18లో 10 రాపావే. మిగిలిన 8 ఎవరివో ఊహించడం కష్టం కాదు. ఈ పద్ధతిలో మోరినాగా మూడు మూల జన్యుసంపుటాలను గుర్తించారు. నేటి వాడుకలో రాపాది ఎ, నైగ్రాది బి, ఒలెరేసియాది సి.

పరిశీలన నుంచి పునఃసృష్టికి

మిగిలిన పని ఊ చేశారు. ప్రకృతిలో నాపస్ నిజంగా రాపా, ఒలెరేసియాల కలయికతోనే పుట్టి ఉంటే, మనిషి చేతులతో ఆ రెండింటినీ కలిపినా నాపస్ పుట్టాలి. తర్కం సరళమే కానీ ఆచరణ దుర్లభం. విచ్చుకోని మొగ్గను తెరిచి, కేసరాలు తొలగించి, మరో జాతి పుప్పొడిని కీలాగ్రంపై అద్ది, పురుగులు సోకకుండా సంచి కట్టాలి. ఎన్ని పూలకు ఇలా చేసినా గింజ పట్టేవి బహు కొద్ది. పుట్టిన సంకర మొక్క సాధారణంగా గొడ్డుదే. రాపా నుంచి 10, ఒలెరేసియా నుంచి 9 క్రోమోజోములు వచ్చి చేరినా వేటికీ సరైన జత ఉండదు. జత లేకపోతే సారవంతమైన బీజకణం తయారు కాదు.

అరుదుగా ఒక మినహాయింపు జరుగుతుంది. క్రోమోజోముల సంఖ్య రెట్టింపైతే ప్రతిదానికీ జత దొరుకుతుంది. 19 కాస్తా 38 అవుతాయి, మొక్క గింజ కడుతుంది. ఊ తన సంకరాల నుంచి అటువంటి మొక్కలను సాధించారు. అవి చూడటానికి నాపస్ లాగే ఉన్నాయి, క్రోమోజోముల లెక్కలోనూ నాపస్సే. ప్రకృతి ఎప్పుడో చేసిన పనిని ఆయన ప్రయోగశాల మడిలో మళ్లీ చేసి చూపారు.

1935లో జపాన్ వృక్షశాస్త్ర పత్రికలో వెలువడిన ఆ వ్యాసంలో ఆయన ఆరు జాతులనూ ఒక త్రిభుజంగా అమర్చారు. మూడు మూలల్లో నైగ్రా, ఒలెరేసియా, రాపా. మూడు భుజాల మధ్యలో, ఆయా మూలల సంతానమైన కారినాటా, నాపస్, జున్సియా. ఆ బొమ్మ ఊ త్రిభుజంగా ప్రసిద్ధమై నేటికీ పాఠ్యగ్రంథాల్లో ఉంది. ఆయన ఇంటిపేరును ఇంగ్లిష్‌లో ఒకే అక్షరంతో రాయడం వల్ల, కొత్తగా చదివే విద్యార్థి దాన్ని ఆకారానికి గుర్తుగా పొరబడే అవకాశం ఉంది. ఆ ఒక్క అక్షరమే ఆయన నిలుపుకున్న తండ్రి పేరు.

ఆ త్రిభుజం పరిణామ సిద్ధాంతానికి ఒక ముఖ్యమైన చేర్పు. జాతులు ఒక కొమ్మ నుంచి చీలిపోతూ మాత్రమే పుడతాయన్నది అప్పటికి బలంగా ఉన్న భావన. విడిపోయిన కొమ్మలు మళ్లీ కలిసి కూడా కొత్త జాతి పుట్టగలదని, పైగా అది మందగమనంతో కాక కొన్ని తరాల్లోనే జరగగలదని ఈ ప్రయోగం చూపింది. 1936లో టోక్యో సామ్రాజ్య విశ్వవిద్యాలయం ఆయనకు వ్యవసాయ శాస్త్రంలో డాక్టరేట్ ఇచ్చింది. అయినా ప్రభుత్వ కేంద్రంలో ఆయన హోదా పెద్దగా పెరగలేదు. కొరియా మూలమే కారణమని ఆయన జీవితచరిత్ర రాసినవారు భావిస్తారు. 18 ఏళ్ల సేవ తరువాత, 1937లో ఆ ఉద్యోగం వదిలి క్యోటోలోని తాకీ విత్తన సంస్థలో పరిశోధన బాధ్యతలు చేపట్టారు. యుద్ధం ముగిసిన 1945లో అదీ వదిలేశారు.

తండ్రి దేశానికి

1945లో కొరియా జపాన్ పాలన నుంచి విముక్తి పొందింది. స్వాతంత్య్రంతోపాటు ఒక ఇబ్బందీ వచ్చింది. వలస కాలంలో కూరగాయల విత్తనాలకు ఆ దేశం జపాన్‌పైనే ఆధారపడింది. ఆ సరఫరా ఆగిపోయింది. కొరియన్ల భోజనంలో కిమ్చీ లేని పూట ఉండదు. కిమ్చీకి చైనా క్యాబేజీ, ముల్లంగి కావాలి. వాటికి మంచి విత్తనం లేదు. విత్తనోత్పత్తిలో, పైగా సరిగ్గా ఈ మొక్కల కుటుంబంలోనే ప్రపంచ స్థాయి నిపుణుడైన ఒక కొరియా సంతతి వ్యక్తి జపాన్‌లో ఖాళీగా ఉన్నారు. ఆయనను రప్పించడానికి ప్రజల నుంచి చందాలు వసూలయ్యాయి.

1950 మార్చిలో ఊ పుసాన్ రేవులో దిగారు. అప్పటికి ఆయన వయసు 51. తల్లి, భార్య, ఆరుగురు పిల్లలు జపాన్‌లోనే ఉండిపోయారు. రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు లేవు. అవి 1965 వరకూ ఏర్పడలేదు. స్వాగత సభలో ఆయన, ఇంతకాలం తల్లి దేశానికి పనిచేశానని, ఇక తండ్రి దేశానికి పనిచేసి ఈ మట్టిలోనే కలుస్తానని చెప్పినట్లు ప్రతీతి. జపాన్‌లోని కుటుంబ పోషణకని ఇచ్చిన సొమ్మును పుస్తకాలకు, విత్తనాలకు, పరికరాలకు ఖర్చు పెట్టి వచ్చారని కూడా చెబుతారు. కొరియన్ భాష ఆయనకు సరిగా రాదు. ఉపన్యాసాలు జపనీస్‌లోనే సాగేవి. వలస పాలకుల భాషను వినడానికి ఇష్టపడని దేశంలో అది చిన్న అవరోధం కాదు.

ఆయన వచ్చిన నాలుగు నెలలు తిరక్కుండానే, జూన్ 25న కొరియా యుద్ధం మొదలైంది. దేశంలో అత్యధిక భాగం చేతులు మారినా, దక్షిణ కొసన ఉన్న పుసాన్ శత్రువు వశం కాలేదు. పుసాన్ శివారు దోంగ్నేలోని ఆయన పరిశోధనా సంస్థ మిగిలింది. శరణార్థులతో నిండిన నగరం పక్కన ఆయన క్యాబేజీ, ముల్లంగి విత్తన మడులు వేశారు. శ్రేష్ఠమైన రకాలను ఎంపిక చేయడం, మూల విత్తనాన్ని శుద్ధంగా పెంచడం, సంకర విత్తన పద్ధతులను యువ శాస్త్రజ్ఞులకు నేర్పడం ఆయన దినచర్యగా మారింది. తెగుళ్లు సోకని విత్తన బంగాళాదుంపల పెంపకానికి గాంగ్‌వోన్ ప్రాంతపు కొండ నేలలను, నారింజ జాతి తోటలకు జేజు ద్వీపాన్ని ప్రోత్సహించారు. దశాబ్దం తిరిగేసరికి కూరగాయల విత్తనాల్లో ఆ దేశం తన కాళ్లపై తాను నిలబడింది. ఎప్పుడూ రబ్బరు చెప్పులతో పొలంలో తిరిగే ఆయనకు ఆ చెప్పుల పేరే ముద్దుపేరుగా వచ్చింది.

తల్లి పేరిట ఊట

1953లో జపాన్‌లో తల్లి మరణించారు. ఆమె అంత్యక్రియలకు వెళ్లేందుకు ఊ అనుమతి కోరారు. వెళితే తిరిగి రాకపోవచ్చన్న సందేహంతో ప్రభుత్వం నిరాకరించింది. దేశం కోసం కుటుంబాన్ని విడిచి వచ్చిన మనిషిని ఆ దేశమే పూర్తిగా నమ్మలేకపోయింది. ఆయన తన సంస్థలోనే సంస్మరణ జరిపారు. సంతాప సూచకంగా దేశం నలుమూలల నుంచి వచ్చిన డబ్బును స్వంతానికి వాడుకోలేదు. నీటి ఎద్దడితో ఇబ్బంది పడుతున్న ఆ పరిశోధన క్షేత్రంలో ఒక బావి తవ్వించి, తల్లి పాల ఊట అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ బావి నేటికీ ఉంది.

అదే కాలంలో ఆయన పేరు మరో రకంగా ఇంటింటికీ చేరింది. కొత్త విత్తనాలను నమ్మని రైతులకు మొక్కల ప్రజననం ఏం చేయగలదో చూపడానికి ఆయన గింజల్లేని పుచ్చకాయను పండించి ప్రదర్శించారు. దాన్ని రూపొందించినది జపాన్ జన్యుశాస్త్రజ్ఞుడు కిహారా హితోషి. ఊ ఆ ఘనత తనదని చెప్పుకోలేదు. అయినా గింజల్లేని పుచ్చకాయ సృష్టికర్త ఆయనేనన్న అపోహ కొరియా పాఠ్యపుస్తకాల్లో సైతం దశాబ్దాల పాటు కొనసాగింది. తాను చేయని పనికి స్వదేశంలో కీర్తి పొందిన ఆయన, చేసిన అసలు పనితో శాస్త్రలోకంలో మాత్రమే పరిచితులయ్యారు.

1959 వేసవిలో జీర్ణాశయ వ్రణంతో ఆయన ఆసుపత్రి పాలయ్యారు. జపాన్ నుంచి భార్య రావడానికి అప్పుడు అనుమతి లభించింది. ఆగస్టు 7న కొరియా ప్రభుత్వం దేశ సాంస్కృతిక పతకాన్ని రోగశయ్య వద్దే అందజేసింది. మూడు రోజులకు, ఆగస్టు 10న, 61 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. సువోన్‌లో సమాధి చేశారు.

డీఎన్‌ఏ చెప్పిన తీర్పు

ఊ చూసినవి క్రోమోజోములు. వాటి లోపలి రాతను చదివే సాధనాలు ఆయన మరణించాకే వచ్చాయి. డీఎన్‌ఏ నాలుగు రసాయన అక్షరాలతో రాసిన సుదీర్ఘ వాక్యం వంటిది. తరాలు గడిచేకొద్దీ అందులో చిన్న చిన్న మార్పులు చేరుతుంటాయి. రెండు జాతుల్లో ఒకే జన్యువును పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కిస్తే, అవి ఎంత కాలం కిందట విడిపోయాయో అంచనా కట్టవచ్చు. తాళపత్ర ప్రతుల్లోని పాఠభేదాలను పోల్చి, ఏ ప్రతి దేనికి నకలో పరిష్కర్తలు తేల్చే పద్ధతి ఇటువంటిదే.

తొలి పరీక్ష హరితరేణువులతో జరిగింది. ఈ మొక్కల ఆకుల్లోని హరితరేణువులకు సొంత డీఎన్‌ఏ ఉంటుంది. అది తల్లి మొక్క నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. 1983లో జెఫ్రీ పామర్ బృందం ఆరు జాతుల హరితరేణు డీఎన్‌ఏను పోల్చింది. మన ఆవ మొక్కలోనిది రాపాకు, ఇథియోపియా ఆవలోనిది నైగ్రాకు సరిపోయింది. ఊ త్రిభుజం తల్లిదండ్రుల జంటను చెప్పింది. ఆ జంటలో తల్లి ఎవరో డీఎన్‌ఏ చెప్పింది.

పూర్తి జన్యుక్రమాలు తరువాత వరుసగా వెలువడ్డాయి. 2011లో రాపా, 2014లో ఒలెరేసియా, నాపస్, 2016లో జున్సియా, 2021లో కారినాటా ప్రచురితమయ్యాయి. మొదట చదివిన రాపా మొక్క చైనా క్యాబేజీ రకం. కొరియా శాస్త్రజ్ఞులు కూడా ఆ అంతర్జాతీయ కృషిలో భాగస్వాములు. సంకర జాతుల్లో దాదాపు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు కనిపించాయి. నాపస్ జన్యువుల్లో ఒక ప్రతి రాపా కొమ్మపై, రెండోది ఒలెరేసియా కొమ్మపై వచ్చి చేరాయి. జున్సియాలో ఒకటి రాపాతో, మరొకటి నైగ్రాతో నిలిచాయి. 1935 నాటి చిత్రం అక్షరాలా నిజమైంది. నాపస్ పుట్టి సుమారు 7,500 ఏళ్లు అయి ఉంటుందని జన్యుక్రమం ఆధారంగా లెక్కగట్టారు. మన ఆవ పశ్చిమాసియాలో పుట్టి తూర్పుకు వ్యాపించిందని విస్తృత జన్యు పరిశీలనలు సూచిస్తున్నాయి.

డీఎన్‌ఏ సమర్థించడమే కాదు, సవరించింది కూడా. ఊ చిత్రంలో మూడు మూలలూ సమాన దూరంలో ఉంటాయి. వాస్తవంలో రాపా, ఒలెరేసియా దగ్గరి చుట్టాలు. అవి విడిపోయి సుమారు 40 లక్షల ఏళ్లయింది. నైగ్రా వంశం అంతకన్నా చాలా ముందే వేరుపడింది. హరితరేణు డీఎన్‌ఏ ప్రకారం అది బ్రాసికాలోని ఆ రెండింటికన్నా సినాపిస్ అనే వేరే ప్రజాతి మొక్కలకు దగ్గర. అంటే వృక్షశాస్త్రం గీసిన బ్రాసికా సరిహద్దే వంశక్రమానికి పూర్తిగా అనుగుణంగా లేదు. మరో విశేషం, మూల జాతులుగా భావించిన ఆ మూడింటిలోనూ అతి ప్రాచీన కాలంలో జన్యుసంపుటం మూడింతలైన ఆనవాళ్లు బయటపడ్డాయి. మూలమనుకున్నదీ ఒకప్పుడు కలయికే.

మన పొలాల్లో ఆ త్రిభుజం

దేశంలో పండే నూనె ఆవల్లో అత్యధిక భాగం జున్సియా. రాజస్థాన్, హరియాణా, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ రైతులకు అది ముఖ్యమైన రబీ పంట. తెలుగువారికి ఆవ నూనె పెద్దగా వాడుకలో లేకున్నా ఆవపిండి లేనిదే ఆవకాయ లేదు. ఆ పచ్చడికి పేరు కాయ ఇవ్వలేదు, ఆవే ఇచ్చింది.

భారత్ తన వంటనూనె అవసరాల్లో సగానికి మించి దిగుమతి చేసుకుంటోంది. దిగుబడి పెంచాలంటే కొత్త జన్యువులు కావాలి. వాటిని ఎక్కడ వెతకాలో చెప్పేది వంశక్రమమే. ఆవ మొక్కలో లేని తెగులు నిరోధక శక్తిని దాని మూల జాతుల్లో వెతికి సంకరంతో తేవచ్చు. రాపా, నైగ్రాలను తిరిగి కలిపి కొత్తగా జున్సియాను సృష్టించే పద్ధతిని ప్రజనన శాస్త్రజ్ఞులు నేడూ వాడుతున్నారు. ఊ నాపస్‌తో చేసిన ప్రయోగమే దీనికి పూర్వరంగం. ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వరుణ అనే భారతీయ ఆవ రకం జన్యుక్రమాన్ని క్రోమోజోముల స్థాయిలో కూర్చి 2021లో ప్రచురించారు. ఎ, బి జన్యుసంపుటాల నిర్మాణాన్ని పోల్చి చూపిన ఆ పరిశోధన ఇప్పటికీ ఊ, మోరినాగాల కాలంలో స్థిరపడిన అక్షరాలతోనే మాట్లాడుతుంది.

అదే వరుణ రకాన్ని తూర్పు ఐరోపా వంశపు ఆవతో కలిపి రూపొందించిన జన్యుమార్పిడి సంకరం డీఎంహెచ్-11పై వివాదం నడుస్తోంది. 2022 అక్టోబర్‌లో జన్యు ఇంజినీరింగ్ మదింపు సంఘం దాని పర్యావరణ విడుదలకు సిఫారసు చేసింది. 2024 జులైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం భిన్న తీర్పులు వెలువరించింది. ఈ వాదంలో ఎవరు ఏ పక్షాన ఉన్నా, ఆవ మొక్క జన్యుసంపుటం గురించి మాట్లాడాలంటే మొదలుపెట్టవలసింది 1935 నాటి త్రిభుజం దగ్గరే.

మిగిలిన గుర్తులు

దోంగ్నేలో ఆయన పనిచేసిన స్థలంలో 1999లో స్మారక భవనం తెరిచారు. తల్లి పేరిట తవ్వించిన బావి దానికి దగ్గరలోనే ఉంది. జపాన్ ఆయనను తన ప్రయోగ కేంద్రాల్లో రూపుదిద్దుకున్న జన్యుశాస్త్రజ్ఞుడిగా గుర్తిస్తుంది. కొరియా తన వ్యవసాయానికి విత్తనమిచ్చిన మనిషిగా గౌరవిస్తుంది. బతికున్నప్పుడు ఆయనను సగం పరాయివాడిగా చూసిన రెండు దేశాలూ నేడు తమవాడిగా చెప్పుకుంటున్నాయి.

తండ్రి చేసిన నేరాన్ని ఆయన సమర్థించలేదు, తండ్రి పేరును వదులుకోనూ లేదు. తల్లి దేశాన్ని విడిచి వెళ్లారు, తల్లిని మరవలేదు. రెండు వంశాలు ఒకే మొక్కలో దేన్నీ కోల్పోకుండా నిలుస్తాయని సాక్ష్యాలతో నిరూపించిన శాస్త్రజ్ఞుడికి, తన విషయంలో ఆ నిరూపణను అంగీకరింపజేయడానికి జీవితకాలం సరిపోలేదు.